ఒంటిగంట తూటా

చప్పుడు చేసే విమానాన్ని తయారు చెయ్యడం తేలిక. చప్పుడు చెయ్యని విమానాన్ని తయారు చెయ్యడం కష్టం. అది చప్పుడు చెయ్యలేదని ప్రభుత్వాన్ని ఒప్పించడం మాత్రం ఆ బ్రహ్మతరం కూడా కాదు. ఈ మూడో సంగతి వింగ్ కమాండర్ హైమవతికి గుండ్లకొండ వచ్చేదాకా తెలీదు.

ఏ విమానమైనా ధ్వనికన్నా వేగంగా వెళ్తే దాని ముందున్న గాలి ఒత్తుకుపోతుంది. ఆ ఒత్తిడంతా పోగుపడి ఒక్కసారిగా కిందికొచ్చి పిడుగులా పేలుతుంది. కిటికీ అద్దాలు పగులుతాయి, గేదెలు బెదిరి పాలివ్వవు, పడుకోబెట్టిన పిల్లలు లేస్తారు. అందుకని ఊళ్ల మీద అంత వేగం కూడదని నిషేధం ఉంది. జాతీయ నిశ్శబ్ద గగనయాన సంస్థ వారు దీనికి విరుగుడుగా విమానం ముక్కుని సాగదీశారు. సగం విమానం ముక్కే అయ్యేదాకా సాగదీశారు. ఇప్పుడు ఆ ఒత్తిడి ఒక్కచోట పోగుపడదు, విడివిడిగా, నెమ్మదిగా కిందికి చేరుతుంది. పేలుడుకి బదులు పక్కింట్లో బియ్యం బస్తా దించినట్టు 'దబ్బు'మంటుంది, అదీ చెవి రిక్కించి వింటేనే. దానికి మౌని అని పేరు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, దాన్ని నడపడం హైమవతికి అప్పజెప్పారు.

ముక్కు అంత పొడుగయ్యేసరికి ఎదురుగా అద్దం పెట్టే వీల్లేకపోయింది. పెట్టినా ఆ ముక్కు తప్ప ఇంకేమీ కనపడదు. అందుకని ముందు ఒక కెమెరా, పైలట్ ఎదురుగా ఒక తెర అమర్చారు. ఆ తెర చూస్తూనే ఎగరాలి, ఆ తెర చూస్తూనే దిగాలి. ఈ సంగతి విన్న హైమవతి తల్లి, "టీవీ చూస్తూ కూరే మాడుస్తావు, విమానం ఎట్లా దింపుతావే" అని బెంగపెట్టుకుంది. హైమవతి నేర్చుకుంది. ఏళ్ల తరబడి నేర్చుకుంది. వేగం రవ్వంత ఎక్కువైనా, ఎత్తు కాస్త తగ్గినా, పైన గాలి కొంచెం చల్లబడినా మౌని మౌనం చెడుతుంది. ఆ సన్నటి దారి మీద దాన్ని పడిపోకుండా నడిపించడం ఆమె చేతులకి తప్ప ఇంకెవరి చేతులకీ రాలేదు. ఆమెకి ఆ విమానమంటే ప్రాణం, అది పైకి చెప్పుకోవడానికి సిగ్గుపడేది కూడా కాదు.

ఇక మిగిలింది మూడు పరీక్షలు. ఏదో ఒక ఊరి మీదుగా మౌని మూడుసార్లు ఎగరాలి. ఆ ఊరివాళ్లు మాకేం ఇబ్బంది లేదని చెప్తే ప్రజామోద పత్రం వస్తుంది, మౌని ఎగురుతూ ఉంటుంది. రాకపోతే 'సేవానంతర ప్రదర్శన'కి వెళ్తుంది. అంటే ఏదో ఒక నాలుగురోడ్ల కూడలిలో సిమెంటు స్తంభం మీద కూర్చుని, కాకులకి నీడనిస్తుంది.

ఎంపికైన ఊరు గుండ్లకొండ. ఎందుకు ఎంపికైందంటే సంస్థవారి విమానాల మైదానం దాని పక్కనే ఉంది, మైదానం పక్కన ఇరిగేషన్ బంగళా ఉంది, బంగళాలో వంటమనిషి చేపల పులుసు బాగా చేస్తాడు. ఊరికి ఆనుకుని నల్లరాతి కొండ. దాన్ని తొలిచి పలకలుగా కోసి అమ్ముకోవడం ఊరి పని. రోజూ మధ్యాహ్నం ఒంటిగంటకి కొండలో తూటా పేలుస్తారు. భూమి అదురుతుంది, గిన్నెలు గల్లుమంటాయి, ఎవరూ తల కూడా తిప్పరు. ఊరి పనులన్నీ ఆ తూటాకి ముడిపడి ఉన్నాయి. తూటాకి బడి పిల్లలు అన్నానికి లేస్తారు, తూటాకి ముసలాళ్లు మాత్ర వేసుకుంటారు, తూటాకి ఆదెమ్మ గంజి వారుస్తుంది.

ఆదెమ్మది కొండ పనివాళ్లు తినే మెస్సు. హైమవతి కూడా అక్కడే తినేది, బంగళాలో అధికారుల మధ్య ముద్ద దిగక. పొయ్యి మీద పెద్ద డేగిశా ఎక్కించి ఆదెమ్మ కూరలు తరుక్కుంటూ కూర్చునేది. మూత తీసి చూడ్డం, మెతుకు పట్టి నలపడం ఆమె ఇంటావంటా లేవు. తూటా పేలిందంటే అన్నం ఉడికినట్టే లెక్క.

మొదటి పరీక్ష దివ్యంగా జరిగింది. హైమవతి ఒంటిగంటకి కాస్త ముందుగా ఊరి మీద ధ్వని వేగం దాటింది. తెర మీద కొండ, ఊరు, చెరువు బొమ్మల్లా జారిపోయాయి. మౌని వణకలేదు, తొణకలేదు. కిందికి దిగి బంగళాకి వెళ్లేసరికి స్పందన విభాగం ఉపసంచాలకుడు కోదండపాణి తల పట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఇంటింటికీ తిరిగి జనం అభిప్రాయం సేకరించే బాధ్యత ఆయనది.

"ఏమైందండీ? ఎవరన్నా విన్నారా?" అంది హైమవతి.

"ఒక్కరూ వినలేదు మేడమ్."

హైమవతి మొహం వెలిగిపోయింది. "ఇంకేం మరి."

"అదే ఉపద్రవం మేడమ్. ప్రశ్నావళిలో మొదటి ప్రశ్న, శబ్దం విన్నారా అని. విన్నానంటేనే రెండో ప్రశ్నకి అర్హత. విననివారు స్పందించనివారి కిందికి వస్తారు. ఊరు ఊరంతా స్పందించలేదు. తదనుగుణంగా పరీక్ష జరగనట్టు."

ఇదే మాటని ప్రజామోద నిర్ధారణ సంఘం అధ్యక్షులు పరబ్రహ్మం గారు సాయంత్రం ఇంకొంచెం గంభీరంగా చెప్పారు. ఆయన జీవితంలో ఒకే ఒక్కసారి విమానం ఎక్కారు, అప్పుడూ కళ్లు మూసుకుని కూర్చున్నారు. విమానాల మీద వేసిన సంఘాలకి మాత్రం ఆరింటికి అధ్యక్షులు.

"వింగ్ కమాండర్ గారూ, నిశ్శబ్దం అనేది శబ్దానికి లోబడిన ఒక ఉపవర్గం. వినబడినప్పుడే అది నిశ్శబ్దమా కాదా అని నిర్ధారించగలం. ఈ ఊళ్లో నేపథ్య ధ్వని విపరీతంగా ఉన్నందున తమరి నిశ్శబ్దం జనానికి వినబడలేదు. కావున ముందు ఊరిని నిశ్శబ్దం చెయ్యాలి."

"ఊరిని నిశ్శబ్దం చెయ్యడమేమిటి సార్? ఊరికి నిశ్శబ్దంగా ఉండే విమానం కోసమేగా ఇదంతా?"

"అందుకే ఊరు సహకరించాలి" అన్నారు పరబ్రహ్మం గారు.

మర్నాటి నుంచి ఒక ఆటోకి నాలుగు మైకులు కట్టి, నిశ్శబ్దం పాటించండి అని తెల్లారకముందే ఊరంతా హోరెత్తించారు. రెండో పరీక్ష నాడు పొద్దుటి నుంచి కోళ్లని గంపల కింద మూసిపెట్టాలి. రోట్లో పచ్చడి నూరకూడదు. కుక్కరు కూత వెయ్యకూడదు. మొగుడూ పెళ్లాలు మాట్లాడుకోవలసి వస్తే సైగలతో మాట్లాడుకోవాలి, పోట్లాడుకోవలసి వస్తే మర్నాటికి వాయిదా వేసుకోవాలి. కొండలో తూటా సరేసరి, నిషేధం. ఆ రోజే ఊళ్లో ఒక పెళ్లి. మేళగాళ్లు సన్నాయి నోట్లో పెట్టుకుని ఊదకుండా కూర్చున్నారు. గట్టిమేళం మోగకపోయేసరికి తాళి ఎప్పుడు కట్టారో వెనక వరసల వాళ్లకి తెలీలేదు. కొందరు ముందే అక్షింతలు వేశారు, కొందరు భోజనాలయ్యాక వేశారు, పెళ్లికొడుకు మేనత్త చేతిలో అక్షింతలు అలాగే పట్టుకుని బస్సెక్కి వాళ్ల ఊరు వెళ్లిపోయింది.

సరిగ్గా ఒంటిగంటకి మౌని వెళ్లింది. అంత చక్కగా హైమవతి కూడా ఎప్పుడూ నడపలేదు. కింద ఊరంతా ఊపిరి బిగపట్టి, చెవులప్పగించి, ఆకాశం కేసి చూస్తోంది. ఏమీ వినపడలేదు. ఎంతసేపు చూసినా ఆ 'దబ్బు' కూడా వినపడలేదు.

అప్పుడు మొదలైంది అసలు గొడవ. తూటా పేలలేదు కాబట్టి బడి పిల్లలు లేవలేదు, వాళ్ల అన్నం చల్లారిపోయింది. ముసలాళ్లు మాత్రలు వేసుకోలేదు, ఇద్దరికి కళ్లు తిరిగాయి. ఆదెమ్మ తూటా కోసం చూస్తూ కూర్చుంది, డేగిశాలో అన్నం జావయింది. విననివారికి కూడా రెండో ప్రశ్న వెయ్యొచ్చని సవరించిన ప్రశ్నావళి పట్టుకుని కోదండపాణి మనుషులు వెళ్లేసరికి ఊరు కుతకుతలాడుతోంది.

"ఒంటిగంటప్పుడు మీకేమైనా ఇబ్బంది కలిగిందా?"

"కలగలేదా మరి? గుండె ఆగిపోయినట్టయింది" అంది ఆదెమ్మ. "యాభై మంది తినే అన్నం జావైపోయింది. ఎవురికి పొయ్యమంటావు, నీ నెత్తిన పొయ్యనా?"

ఆ జవాబుని 'హృదయ సంబంధ తీవ్ర ప్రభావం, ఆహార నష్టం, ప్రతీకార ధోరణి' అని నమోదు చేసుకున్నారు.

హైమవతి బంగళాకి పరుగెత్తుకెళ్లింది. "సార్, జనం ఇబ్బందిపడ్డది మౌని వల్ల కాదు. తూటా పేలకపోవడం వల్ల."

"తూటా ఎందుకు పేలలేదు?" అన్నారు పరబ్రహ్మం గారు.

"మనం ఆపించాం కాబట్టి."

"ఎవరికోసం ఆపించాం?"

"మౌని కోసం."

"కావున మౌని వల్లే" అని ఆయన సోడా తాగారు. "ఇంకో సందేహం కూడా ఉంది. ఒకసారి ఎవరూ వినలేదంటారు, ఇంకోసారి అందరూ ఇబ్బందిపడ్డారంటారు. అసలు తమరు ఎగిరినట్టు రుజువేమిటి? మూడో పరీక్షకి సాక్షి విమానం వెంట రావాలి. తమరి పక్కనే, తమరి వేగంతోనే."

సాక్షి విమానమంటే మేఘనాదుడు. సంస్థ దగ్గరున్న ముసలి యుద్ధవిమానం, పేరుకి తగ్గ గొంతు. దాన్ని నడిపేవాడు ఫ్లైట్ లెఫ్టినెంట్ గ్లాడ్‌స్టన్, హైమవతి దగ్గరే పని నేర్చుకున్నవాడు. అతను లేచి నిలబడ్డాడు.

"సార్, మా బండి ధ్వని వేగం దాటిందంటే ఊళ్లో అద్దాలు మిగలవు."

"ప్రశ్నావళి మౌనికి సంబంధించినది. సాక్షి చేసే శబ్దానికి అందులో గడి లేదు. గడి లేని శబ్దాన్ని పరిగణించలేం. కూర్చో నాయనా."

ఆ రాత్రి హైమవతికి అన్నం సయించలేదు. మౌని ఏ తప్పూ చెయ్యకుండానే ఒక పరీక్షలో మాయమైంది, ఒక పరీక్షలో తప్పింది. మూడోదాంట్లో పక్కన మేఘనాదుడు పేలితే ఆ పాపం కూడా దీని నెత్తినే పడుతుంది. స్తంభం మీద దాన్ని ఊహించుకుంటే ఆమెకి ఏడుపొచ్చింది, కాసేపు ఏడ్చింది కూడా.

మూడో పరీక్ష రోజున కూడా కొండలో తూటా ఆపించారు. రెండు విమానాలూ కలిసి లేచాయి. ఊరు ఇంకా దూరంలో ఉండగానే మౌనిలో తెర ఒకసారి మినుకుమని నల్లబడిపోయింది. హైమవతి అన్ని మీటలూ నొక్కింది. దాన్ని తట్టింది, కొట్టింది, తిట్టింది. తెర రాలేదు. ఎదురుగా ఇనుపగోడ తప్ప ఏమీ లేదు.

"తెర పోయింది. వెనక్కి తిరుగుతున్నా" అని రేడియోలో చెప్పింది.

"నేను మీ పక్కనే ఉండి దింపిస్తాను మేడమ్" అన్నాడు గ్లాడ్‌స్టన్.

వెంటనే కింద నుంచి కోదండపాణి గొంతు వచ్చింది. "సాక్షి విమానం తన నిర్ణీత కార్యక్రమం పూర్తి చెయ్యాలి. మౌని హాజరు కాకపోయినా సాక్షి హాజరు తప్పనిసరి. ఇది అధ్యక్షుల వారు ముందే ఇచ్చిన ఆదేశం."

"నువ్వు వెళ్లు గ్లాడ్‌స్టన్. నాకీ మైదానం తెలుసు" అంది హైమవతి.

ఆమె పక్క కిటికీల్లోంచి కొండ ఏ పక్కన ఎంత దూరంలో ఉందో చూసుకుంది. ఎడమ పక్కన చెరువు గట్టు రాగానే వంపు తిరిగింది. కుడి పక్కన బంగళా పెంకులు కనపడగానే ఎత్తు తగ్గించింది. ముందు ఏముందో దేవుడికే తెలియాలి. చక్రాలు నేలకి తగిలాయని వీపుకి తెలిసింది. మౌని పరుగెత్తి పరుగెత్తి నెమ్మదిగా ఆగింది. అలాంటి దిగడం ఆ మైదానంలో అంతకుముందు ఎవరూ దిగలేదు, దాన్ని చూసినవాళ్లు కూడా ఎవరూ లేరు. అందరూ ఊరి వైపు తిరిగి గడియారాలు చూసుకుంటున్నారు.

ఒంటిగంటకి ఆకాశం పేలింది. మేఘనాదుడు ఊరి నడినెత్తిన ధ్వని వేగం దాటాడు. బంగళా కిటికీ అద్దాలు మూడు రాలిపడ్డాయి. గుండ్లకొండలో బడి పిల్లలు లేచి కంచాలు పట్టుకున్నారు. ముసలాళ్లు మాత్రలు వేసుకున్నారు. ఆదెమ్మ చీరకొంగుతో డేగిశా దించి గంజి వార్చింది. అన్నం మల్లెపువ్వులా ఉంది. ఊరంతా హాయిగా తిని నడుం వాల్చింది.

సాయంత్రం సంఘం సమావేశంలో కోదండపాణి కాగితాలు విప్పాడు. మౌని వెనక్కి తిరిగిన సంగతికి వాటిలో గడి లేదు, కాబట్టి ఆ ఊసే ఎత్తలేదు. "అద్భుతం సార్. శబ్దం విన్నారా అంటే ఊరు ఊరంతా విన్నామన్నారు. ఇబ్బంది కలిగిందా అంటే ఒక్కరు కూడా కలిగిందనలేదు. ఒకావిడ అయితే, ఇయ్యాలే అంతా సక్రమంగా ఉందయ్యా, రోజూ ఇట్టాగే కానియ్యండి అని ఆశీర్వదించింది."

"చరిత్రాత్మకం" అన్నారు పరబ్రహ్మం గారు, రాలిన అద్దం ముక్కలు దులుపుకుంటూ. "మౌని ఉత్తీర్ణం. ప్రజామోద పత్రం సిద్ధం చెయ్యండి."

గ్లాడ్‌స్టన్ హైమవతి కేసి చూశాడు. తను నోరు విప్పనని కళ్లతోనే చెప్పాడు. ఆమె కూడా విప్పకపోతే సరిపోయేది. పత్రం వచ్చేస్తుంది, మౌని ఆమెదే, రేపటి నుంచి ఏ ఊరి మీదైనా ఎగరొచ్చు. ఊరుకుందామనే అనుకుంది. కానీ చెవుల్లో ఇంకా ఆ పేలుడు మోగుతోంది. ఆ మోటు చప్పుడు మౌని చేసిందని కాగితం మీద ఎక్కడం ఆమె ఓర్చుకోలేకపోయింది.

"సార్, ఊరి మీదికి మౌని రాలేదు. తెర పోయి ముందే దిగిపోయింది. జనం విన్నది మేఘనాదుణ్ణి" అంది.

ఇప్పుడైనా వీళ్లకి సిగ్గేస్తుందని హైమవతి ఆశపడింది. పరబ్రహ్మం గారు కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నారు.

"అలాగైతే మేఘనాదుడే ఉత్తీర్ణం. శబ్దం వినబడవలెను, ఇబ్బంది కలగకూడదు. రెండు నిబంధనలూ దానికి నూటికి నూరుపాళ్లు సరిపోయాయి. ఇన్నాళ్లూ మన దగ్గరే ఇంతటి నిశ్శబ్ద విమానాన్ని పెట్టుకుని గుర్తించలేకపోయామే అని చింతిస్తున్నాను. మౌని విషయం విచారకరం. వెళ్లినప్పుడల్లా జనాన్ని కలవరపెట్టింది. సేవానంతర ప్రదర్శన."

నెల తిరక్కుండా గుండ్లకొండ నాలుగురోడ్ల కూడలిలో స్తంభం లేచింది. మౌనిని దాని మీద ఎక్కించి, శిలాఫలకం మీద పరబ్రహ్మం గారి పేరు చెక్కించారు. ఊరిని నిశ్శబ్ద మండలంగా ప్రకటించి కొండలో ఒంటిగంట తూటాని శాశ్వతంగా తెల్లవారుజాముకి మార్చారు. దానికి జనం గోల పెట్టగా, ప్రజాభీష్టం మేరకు రోజూ ఒంటిగంటకి మేఘనాదుడు ఊరి మీద ధ్వని వేగం దాటాలని ఉత్తర్వు వచ్చింది. చప్పుడు స్పష్టంగా అందడానికి ఎత్తు తగ్గించాలనీ, నిశ్శబ్ద విమానాల్లో విశేష అనుభవం ఉన్నందువల్ల వింగ్ కమాండర్ హైమవతే దాన్ని నడపాలనీ ఆ ఉత్తర్వులోనే ఉంది. గ్లాడ్‌స్టన్‌ని ఇంకో మైదానానికి మార్చారు.

మొదటి నాలుగు రోజులు ఆమె పళ్లు బిగించి పేల్చి వచ్చింది. మేఘనాదుడికి ఎదురుగా పెద్ద అద్దం ఉంది, అన్నీ కనపడతాయి. అయిదో రోజు ఆ అద్దంలోంచి కూడలి కనిపించింది. కూడలిలో మౌని. ఎవరో సినిమా ప్రచారం వాళ్లు, ఊళ్లో అంత ఎత్తైనది ఇంకోటి దొరక్క, దాని ముక్కు చివర రెండు మైకులు కట్టారు. కింద జనం చెవులు మూసుకుని దాటుతున్నారు.

హైమవతి చెయ్యి వేగం పెంచే మీట మీదే ఆగిపోయింది. ముందుకి తొయ్యాలనిపించలేదు. ఆ రోజు మేఘనాదుడు మామూలు విమానంలా ఊరు దాటి, వంపు తిరిగి, దిగిపోయాడు.

సాయంత్రానికి మెమో వచ్చింది. 'తమరు నేడు మధ్యాహ్నం ఎట్టి శబ్దమూ చెయ్యకుండా ఊరి మీదుగా ప్రయాణించి ప్రజాజీవనానికి తీవ్ర భంగం కలిగించినారు. ఇట్టి నిశ్శబ్దం నిశ్శబ్ద మండల నిబంధనలకి విరుద్ధం. సంజాయిషీ ఇవ్వగలరు.' పాత అలవాటు, ఇకమీదట జరగదు అని హైమవతి రాసిచ్చింది.

మర్నాడు ఒంటిగంటకి పేల్చి, దిగి, నేరుగా ఆదెమ్మ మెస్సుకి వెళ్లింది. ఆదెమ్మ విస్తరాకు వేసి అన్నం పెడుతూ ఆమెని ఎగాదిగా చూసింది.

"నిన్న యాడికి పోయినావమ్మాయ్? నీ కోసం చూసీ చూసీ అన్నం జావైపోయింది."

"పొరపాటైంది పిన్నీ."

"పోన్లే, ఒళ్లు బాగలేదేమో అనుకున్నా." ఆదెమ్మ పప్పు వేసి, నెయ్యి గరిట అందుకుని, కూడలి వైపు గడ్డం చూపించింది. "అది సరేగానీ, ఆ స్తంబం మీది ఇమానం దేనికి పనికొస్తదమ్మా? అంత పొడుగు ముక్కేసుకుని?"

"అది చప్పుడు చెయ్యకుండా ఎగురుతుంది."

"ఎప్పుడన్నా ఎగిరిందా అసలు?"

"మీ ఊరి మీదే ఎగిరింది. రెండుసార్లు. నేనే నడిపాను. నువ్వు అప్పుడు ఇక్కడే పొయ్యి ముందర కూర్చుని ఉన్నావు."

నెయ్యి గరిట గాల్లోనే ఆగింది. ఆదెమ్మ కాసేపు గుర్తు తెచ్చుకుంది. ఈ పిల్ల అబద్ధాలాడే మనిషి కాదు, తన చెవులకి చెవుడూ లేదు.

"మాకేం వినపళ్లేదే" అంది.

హైమవతి ముద్ద కలపడం ఆపేసింది.

"ఆ మాట ఇంకోసారి చెప్పు పిన్నీ" అంది.